సోలోలో ముందు చక్రం విరిగింది. ల్యాండింగ్‌లో అసలు తేడా ఎక్కడ కొడుతోంది?

కొత్తరెక్క

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. సెస్నా 172 అనే చిన్న విమానం మీద నడపడం నేర్చుకుంటున్నాను. ఈమధ్యే సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా నడపడం) అయింది.

పోయిన వారం మా బ్యాచ్‌మేట్ ఒకడు సోలోలో ఉండగా ల్యాండింగ్‌లో బౌన్స్ అయ్యాడు. మేం కొందరం ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీదే నిలబడి చూస్తున్నాం. మొదటిసారి తగిలింది పెద్ద దెబ్బేం కాదు, అలాంటివి మా అందరికీ అయ్యాయి. నాలుగైదు అడుగులు లేచి ఉంటుంది, అంతే. తర్వాత ముక్కు కిందికి వంగింది, ముందు చక్రమే ముందు తగిలింది, ఈసారి ఇంకా పైకి లేచింది. మళ్లీ ముక్కు కిందికి. ఆ తర్వాతి దెబ్బకి ముందు చక్రం కాలు వెనక్కి మడుచుకుపోయింది. ప్రొపెల్లర్ రన్‌వేని గీరుకుంటూ వెళ్లి ఆగింది. వాడికేమీ కాలేదు, తనే తలుపు తీసుకుని దిగాడు. విమానం మాత్రం హ్యాంగర్‌లో పడి ఉంది.

వాడు నాకంటే బాగా నడుపుతాడు, అదే నాకు అంతుపట్టడం లేదు. అంత చిన్న బౌన్స్ అక్కడిదాకా ఎలా వెళ్లింది? మా ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగితే "ఫ్లేర్ సరిగ్గా చెయ్, అంతే" అంటున్నారు (నేల తాకేముందు ముక్కు మెల్లగా లేపడమే ఫ్లేర్). ఆ "అంతే"లో ఏముందో పెద్దవాళ్లెవరైనా విడమరిచి చెబుతారా? ఇప్పుడు ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే ఆఖరి దారి) మీదకి తిరగగానే నాకు టెన్షన్ మొదలవుతోంది.

మోడరేటర్

స్కూలు పేరు, విమానం రిజిస్ట్రేషన్, ఆ అబ్బాయి వివరాలు ఎవరూ అడగొద్దు, ఎవరూ రాయొద్దు. మిగతాది కానివ్వండి.

ఎదురుగాలి

ఫైనల్ మీద అతని స్పీడ్ ఎంతో తెలుసా తమ్ముడూ? ముందు అది చెప్పు. బౌన్స్ కథ నేల మీద మొదలవదు, అంతకు అర మైలు వెనకే మొదలవుతుంది.

172ఎస్ మాన్యువల్‌లో ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక దించే పలకలు) అప్రోచ్ వేగం 60 నుంచి 70 నాట్లు అని ఉంటుంది. 65తో రావాల్సినవాడు 75తో వస్తే "పది నాట్లే కదా" అనిపిస్తుంది. కానీ శక్తి పెరిగేది వేగం వర్గాన్ని బట్టి. లెక్క వేసి చూడు, ఆ పది నాట్లకి మూడో వంతు శక్తి అదనంగా వస్తుంది. అది ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి కదా. నేలకి దగ్గరయ్యేకొద్దీ గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గిపోతుంది, విమానం తేలుతూ పోతుంది, దిగనంటుంది. కింద రన్‌వే కరిగిపోతూ ఉంటుంది. కుర్రాడికి కంగారు పుట్టి యోక్ (చేతి స్టీరింగు) కొంచెం వదులుతాడు, విమానాన్ని బలవంతంగా నేలకి ఆనిస్తాడు. ఇంకా ఎగరగలిగే వేగంలో ఉన్నదాన్ని ఆనిస్తే అది ఊరుకుంటుందా?

కొత్తరెక్క

70 పైనే ఉండి ఉంటుందని వాడే చెప్పాడన్నా. సోలో కాబట్టి కాస్త ఎక్కువ ఉంటే భద్రం అనుకున్నాడట.

పాతకాపు

ఈ "కాస్త ఎక్కువ ఉంటే భద్రం" అనే రోగం చాలా పాతది. భార్యకో ఐదు నాట్లు, పిల్లాడికో ఐదు, కడుపులో ఉన్నవాడికి ఇంకో ఐదు అని పైలట్ల మధ్య ఒక జోకు ఉంది. ఎయిర్‌లైన్‌లో ఉన్నప్పుడు కూడా విన్నాను. సరదాకి అనుకోవడానికే అది, చేయడానికి కాదు.

స్పీడ్ కలపాల్సిన సందర్భం ఒకటుంది: గాలి కుదుపులు. గాలి 10 నాట్లుండి 18 దాకా ఎగిసిపడుతుంటే తేడా 8, అందులో సగం, అంటే 4 నాట్లు కలుపుకో. గాలి నిలకడగా ఉంటే ఏమీ కలపక్కర్లేదు. ఇంకో సంగతి, సోలోలో పక్క సీటు ఖాళీ. ఒక మనిషి బరువు తగ్గితే స్టాల్ స్పీడ్ (ఇంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) కూడా తగ్గుతుంది. అంటే రోజూ వచ్చే స్పీడ్‌తోనే వచ్చినా ఆ రోజు అది ఎక్కువే అవుతుంది. ఆ అబ్బాయి దాని మీద ఇంకాస్త కలిపాడు. తేలకుండా ఎలా ఉంటుంది?

సిమ్_రాజా

నేను సిమ్‌లో (సిమ్యులేటర్) 80తో వచ్చి కూడా చక్కగా దింపుతాను 😎 రన్‌వే పొడుగ్గా ఉంటే ఏం ఇబ్బంది?

స్పానర్

@సిమ్_రాజా సిమ్‌లో ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనకుండే రేకు గోడ) ముడతలు పడదు బాబూ.

172 ముందు చక్రం కాలు ఫైర్‌వాల్‌కే బిగించి ఉంటుంది. వెనక రెండు చక్రాలు దెబ్బ తినడానికి చేసినవి, ఆ కాళ్లు స్ప్రింగులా విచ్చుకుని దెబ్బని మింగేస్తాయి. ముందుది అలా కాదు. టాక్సీలో ముక్కుని మోయడానికి, తిప్పడానికి తప్ప విమానం మొత్తం వచ్చి దాని మీద పడితే ఓర్చుకోదు. కాలు విరగకపోయినా ఫైర్‌వాల్ రేకు వంకర పోతుంది, రివెట్లు లాగేసుకుంటాయి. బయటికి ఏమీ కనబడదు. వారం తర్వాత ఎవరో "పెడల్స్ ఏదో బిగుసుకున్నట్టున్నాయి సార్" అని స్క్వాక్ (ఫిర్యాదు) రాస్తే అప్పుడు కౌలింగ్ (ఇంజిన్ మూత) విప్పి చూస్తాం.

ఇక ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుందంటే అది ప్రొపెల్లర్‌తో పోయేది కాదు. తిరుగుతున్న ఇంజిన్ ఒక్కసారి పట్టేసినట్టు అవుతుంది కాబట్టి ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపలి ఇరుసు) దాకా పోతుంది. లైకమింగ్ కంపెనీ ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ వెనక ఒక గేరు, దాన్ని పట్టి ఉంచే ఒక బోల్టు ఉంటాయి. అది తెగితే ఇంజిన్ గాల్లోనే ఆగుతుంది. అందుకే ఇంజిన్ విప్పి చూడాల్సిందే, వేరే దారి లేదు.

నాదో విన్నపం. గట్టిగా తగిలితే వచ్చి చెప్పండి. "హార్డ్ ల్యాండింగ్" అని రాస్తే ఎవరూ కొరికి తినరు. చెప్పకుండా తాళం ఇచ్చి పోతే తర్వాత ఎక్కేవాడు ఎవడో మీకే తెలియదు.

కుడిసీటు

కొత్తరెక్క గారూ, నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది తప్పు కాదు, కానీ సరిపోదు.

స్పీడ్ గురించి ఎదురుగాలి గారు చెప్పేశారు. కానీ గమనించండి, మీ స్నేహితుడి విమానం విరిగింది స్పీడ్ వల్ల కాదు. స్పీడ్ వల్ల మొదటి బౌన్స్ వచ్చింది, అంతవరకే. ఆ బౌన్స్ తర్వాత రెండు మూడు సెకన్లలో చేతులు చేసిన పని వల్ల విరిగింది.

అక్కడ ఏం జరుగుతుందో చూడండి. విమానం నేలకి తగిలి పైకి లేచింది. పైలట్‌కి ఎదురుగా ఆకాశం కనబడుతుంది, "అయ్యో, పైకి పోతోంది" అని యోక్ ముందుకి తోస్తాడు. నిజానికి అతను తోసే సమయానికి అది లేవడం అయిపోయి, తనంతట తనే కిందికి వాలడం మొదలుపెట్టి ఉంటుంది. మనం తోసింది దానికి తోడవుతుంది. ముక్కు దిగి, ముందు చక్రం మొదట తగులుతుంది. బరువు కేంద్రం ముందు చక్రానికి వెనక ఉంటుంది కాబట్టి ముక్కు ఎగదన్నుకుని లేస్తుంది, రెక్కల కోణం పెరుగుతుంది, విమానం మళ్లీ గాల్లోకి పోతుంది, ముందుకంటే ఎక్కువ. ఈసారి స్పీడ్ కూడా తక్కువ. మళ్లీ తోపు. మన స్పందన ప్రతిసారీ ఒక అర సెకను ఆలస్యంగా వస్తుంటే విమానం, పైలట్ ఒకరినొకరు తరుముకుంటున్నట్టు అవుతుంది. దీన్నే పోర్పాయిజింగ్ అంటాం. సాధారణంగా రెండో దెబ్బకో మూడో దెబ్బకో ముందు కాలు పోతుంది.

కాబట్టి చేతులకి నేర్పాల్సింది ఒకటే: బౌన్స్ అయ్యాక యోక్‌ని ముందుకి తోయకూడదు. ముక్కు ల్యాండింగ్ భంగిమలో ఎలా ఉండాలో అలా పట్టుకోవాలి, ఫుల్ పవర్ ఇవ్వాలి, వెళ్లిపోవాలి.

ఇప్పుడు నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీరు ఇప్పటిదాకా చేసిన గో-అరౌండ్‌లలో (ల్యాండింగ్ వదిలేసి మళ్లీ పైకి వెళ్లిపోవడం), చక్రాలు నేలకి తగిలాక చేసినవి ఎన్ని? ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు నిర్ణయించుకున్నవి ఎన్ని?

కొత్తరెక్క

రెండిటికీ సున్నా సర్.

మా దగ్గర గో-అరౌండ్ అంటే ఫైనల్ మీద రెండు మూడు వందల అడుగుల ఎత్తులో సర్ "గో అరౌండ్" అంటారు, మేం చేస్తాం. బౌన్స్ అయితే సరే, సర్ చెయ్యి యోక్ మీదకి వచ్చేస్తుంది. ఏదో జరుగుతుంది, దిగిపోతాం.

కుడిసీటు

మీ స్నేహితుడి ప్రమాదానికి కారణం చాలావరకు ఈ రెండు సున్నాల్లోనే ఉంది. దీంట్లో తప్పు అతనిది కంటే మా కుడి సీటు వాళ్లది ఎక్కువ. ప్రతి బౌన్స్‌నీ మేం కాపాడేస్తాం. విద్యార్థికి బౌన్స్ తర్వాత ఏం జరిగిందో చూసే అవకాశమే రాదు. లాగ్‌బుక్‌లో అది ఇంకో ల్యాండింగ్ కింద ఎక్కిపోతుంది. తర్వాత ఒకరోజు మేం తలుపు తీసి దిగిపోతాం, ఇక పక్కనుంచి వచ్చే చెయ్యి ఉండదు. ఎత్తులో చెప్పించుకుని చేసే గో-అరౌండ్ వేరు, చక్రాలు తగిలాక గుండె దడదడలాడుతుంటే చేసే గో-అరౌండ్ వేరు. రెండోది నేర్పకుండా సోలోకి పంపడం నాకు నచ్చదు.

నేను ఏం చేస్తానంటే, సోలోకి ముందు ఫ్లేర్‌లో ఉండగా, చక్రాలు తగలబోతుండగా, తగిలాక, ఇలా ఒక్కో దశలో గో-అరౌండ్ చేయిస్తాను. చివర్లో నేనే కావాలని ఒక చిన్న బౌన్స్ ఇచ్చి "నీది" అంటాను. మొదటిసారి దాదాపు అందరి చెయ్యీ ముందుకే పోతుంది.

ఎదురుగాలి

సర్, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. అడుగు ఎత్తు లేచిన బౌన్స్‌కి కూడా ఫుల్ పవర్ ఎందుకు? ముక్కు అలాగే పట్టుకుని, కొంచెం పవర్ తగిలించి, మెత్తగా కూర్చోబెట్టొచ్చు. మామూలుగా అందరూ నేర్పేది కూడా అదే కదా. రన్‌వే మిగిలి ఉంటే అదే సులువు.

కుడిసీటు

మీకు సులువు. "రన్‌వే మిగిలి ఉంటే, బౌన్స్ చిన్నదైతే, స్పీడ్ ఉంటే, నిటారుగా ఉంటే" అని నాలుగు షరతులు ఆ రెండు సెకన్లలో తేల్చుకోగలిగేవాడు బౌన్సే అవ్వడు. సోలో విద్యార్థికి నేను ఒకటే ఇస్తాను: బౌన్స్ అయ్యావా, వెళ్లిపో. అనుభవం వచ్చాక మీలా చేసుకోవచ్చు.

పాతకాపు

కుడిసీటు గారి మాటే నాదీ, కానీ ఆయన ఒకటి తొందరగా దాటేశారు. ల్యాండింగ్‌లో విమానాలు వంగుతాయి, మనుషులు బతుకుతారు. సరిగ్గా చేయని గో-అరౌండ్‌లో మనుషులు పోతారు. అందుకే నెమ్మదిగా చెబుతాను.

ఫ్లేర్ దగ్గర నీ విమానం పరిస్థితి ఏంటి? ఫ్లాప్స్ పూర్తిగా దించి ఉన్నాయి. ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తగ్గించే చక్రం) ముక్కు పైకి ఉండేలా తిప్పి ఉంది. స్పీడ్ స్టాల్‌కి దగ్గర. అలాంటప్పుడు థ్రాటిల్ మొత్తం నెట్టావంటే మూడు జరుగుతాయి. ముక్కు నువ్వు లాగకుండానే ఆకాశంలోకి లేస్తుంది. విమానం ఎడమకి ఈడ్చుకుపోతుంది. ఫ్లాప్స్ డ్రాగ్ వల్ల అనుకున్నంత ఎక్కదు. ముక్కు లేస్తోంది కదా, ఎక్కుతోందని సంబరపడితే స్టాల్. ఎడమకి పోతోందని రడ్డర్ (కాళ్లతో తిప్పే తోక చుక్కాని) మరచి యోక్ కుడికి తిప్పితే ఇంకా చెడ్డ స్టాల్.

చేయాల్సింది: థ్రాటిల్ పూర్తిగా, అదే సమయంలో కుడి కాలుతో రడ్డర్, అదే సమయంలో యోక్‌ని గట్టిగా ఆపి పట్టడం. ట్రిమ్ ముక్కుని పైకి లేపుతుంది కాబట్టి చేతికి ముందుకి తోస్తున్నంత బలం పడుతుంది. ఇది బౌన్స్‌లో చేసే తోపు కాదు, కలిపేసుకోవద్దు. ముక్కు భంగిమ మారకుండా ఆపడమే ఇక్కడ పని. తర్వాత ఫ్లాప్స్ 20 డిగ్రీలకి. 172ఎస్‌లో 60 నాట్లు చూసుకో. అడ్డంకులు దాటే దాకా 10, ఆ తర్వాత సున్నా. ఫ్లాప్స్ ఒక్కసారిగా మొత్తం ఎత్తేస్తే విమానం కింద పడుతుంది. కార్బ్యురేటర్ ఉన్న సెస్నా 152 లాంటివాటిలో కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడిగాలి ఇచ్చే నాబ్) లోపలికి తోయడం మరవొద్దు. రేడియో ఆఖరుది. టవర్‌కి మర్యాదగా చెబుతూ స్టాల్ అయితే ఎవరికి లాభం?

నాన్న_కింద

మా అమ్మాయి ఈ మధ్యే ఫ్లయింగ్‌లో చేరింది. నాకు ఈ భాష సగం అర్థం కాలేదు, కానీ పాతకాపు గారు రాసింది చదివి భయమేసింది. నేరుగా అడుగుతున్నాను, ఈ ల్యాండింగ్ ప్రమాదాల్లో ప్రాణాలకి ముప్పు ఎంత?

పాతకాపు

భయపెట్టాలని కాదండీ. చిన్న విమానాల ప్రమాదాల లెక్కల్లో ల్యాండింగ్‌వే ఎక్కువ, ప్రాణాలు పోయిన వాటిలో మాత్రం ల్యాండింగ్ వాటా చాలా తక్కువ. వేగం తక్కువ, ఎత్తు లేదు, రన్‌వే మీదే ఉంటారు. అసలు చాలావి లెక్కల్లోకి కూడా రావు. అంతర్జాతీయ నిబంధనల్లో, అదే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనుబంధం 13లో, ఒక్క ప్రొపెల్లరో రెక్క కొసో టైర్లో మాత్రమే దెబ్బ తింటే దాన్ని "ప్రమాదం" కింద లెక్కేయరు.

మీ అమ్మాయిని ల్యాండింగ్ గురించి కాదు, బేస్ (ఫైనల్‌కి ముందు రన్‌వేకి అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు గురించి అడగండి. రన్‌వే దాటిపోతున్నామని అక్కడ రడ్డర్‌తో ముక్కుని లోపలికి తిప్పేవాళ్లున్నారు. మలుపు బిగించేకొద్దీ స్టాల్ స్పీడ్ పెరుగుతుంది. 45 డిగ్రీల వంపులో, ఎత్తు కోల్పోకుండా పట్టుకుంటే, దాదాపు 19 శాతం, 60 డిగ్రీల్లో 41 శాతం. ఆ ఎత్తులో స్టాల్ అయి తిరిగితే కోలుకునే చోటు లేదు. "దాటిపోతే దాటిపోనీ, గో-అరౌండ్ చేస్తాను" అని ఆమె అంటే మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

నాన్న_కింద

అడిగానండీ. "30 డిగ్రీలు దాటితే సర్ ఒప్పుకోరు నాన్నా, దాటిపోతే పైకి వెళ్లిపోమంటారు" అంది. తర్వాత అరగంట చేతులు తిప్పుతూ నాకు సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగే దారి) మొత్తం చెప్పింది. థాంక్స్.

రెండోరెక్క

నేనూ సోలో ముందు దశలో ఉన్నాను. నా సమస్య బౌన్స్ కాదు, బెలూనింగ్. ఫ్లేర్ మొదలుపెట్టగానే పైకి పోతుంది. ఒకరోజు బాగా వస్తుంది, మర్నాడు అదే విమానం, అదే రన్‌వే, అసలు రాదు. ఎందుకో అర్థం కాదు.

కుడిసీటు

మీరు కళ్లు ఎక్కడ పెడుతున్నారు? ముక్కు ముందు పది మీటర్ల దూరంలో నేలని చూస్తుంటే అది ఉరుకుతున్నట్టు కనబడుతుంది, తొందరపడి లాగేస్తారు. ఫ్లేర్ మొదలయ్యాక చూపు రన్‌వే అవతలి చివరికి పోవాలి. ఎత్తు తెలిసేది కంటి పక్క చూపుకి. రన్‌వే రెండు అంచులూ రెండు పక్కలా పైకి వచ్చి వెడల్పుగా పరుచుకుంటున్నట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడమే మీ కొలబద్ద.

"ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు" అన్నారు. సీటు ఎత్తు ఒకేలా పెట్టుకుంటున్నారా? మీకంటే ముందు నడిపినవాళ్లు ఎక్కడ వదిలేస్తే అక్కడే కూర్చుంటే, కన్ను రెండంగుళాలు కిందికి దిగిందంటే రన్‌వే బొమ్మ మొత్తం మారిపోతుంది. కౌలింగ్ పైభాగం హొరైజన్‌కి ఎంత కింద కనబడుతుందో ఒకసారి గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ ఇంజిన్ వేయకముందే సీటు అక్కడికి తెచ్చుకోండి. కుషన్ వాడితే రోజూ అదే కుషన్.

రన్‌వే వెడల్పు కూడా మోసం చేస్తుంది. అలవాటైన దానికంటే సన్నగా ఉంటే ఎత్తుగా ఉన్నామనిపించి కిందికి వచ్చేస్తాం, ఫ్లేర్ ఆలస్యం అవుతుంది. వెడల్పుగా ఉంటే కిందికి వచ్చేశామనిపించి పైనే ఫ్లేర్ చేసి ధబ్బున పడతాం. వేరే ఫీల్డుకి మొదటిసారి వెళ్లినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంకొకటి, నేలమీదే చేయించేది. విద్యార్థిని సీట్లో కూర్చోబెట్టి, తోక కిందికి నొక్కి ముక్కు లేపి చూపిస్తాను, "చక్రాలు తగిలేటప్పుడు నీకు కనబడాల్సింది ఇదే" అని. చాలామంది "ఇంత పైకా?" అని ఆశ్చర్యపోతారు.

స్పానర్

తోక నొక్కే మాస్టార్లందరికీ దండం. దయచేసి వెనకున్న చిన్న రెక్క మీద నొక్కకండి, దాని ముందు ఫ్యూజిలాజ్ మీద నొక్కండి. ఆ చిన్న రెక్కని పట్టుకుని ఊపీ ఊపీ లోపల పగుళ్లు తెప్పించిన విమానాలు మా హ్యాంగర్‌లో చూడండి.

రెండోరెక్క

సీటు! ఎవరూ చెప్పలేదు ఇది. రేపటి ఫ్లైట్‌లో చూస్తాను.

తోకచక్రం

ఆలస్యంగా వచ్చాను. అందరూ తగిలే క్షణం గురించే మాట్లాడుతున్నారు. తగిలాక రన్‌వే పక్కకి వెళ్లి గడ్డిలో పడేవాళ్లు తక్కువేం కాదు. చక్రాలు తగలగానే "హమ్మయ్య" అని కాళ్లు వదిలేస్తారు. పక్కగాలి ఉంటే అప్పుడే అసలు పని. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కి పట్టు తగ్గుతుంది, గాలి మాత్రం తగ్గదు. తోకని గాలి తోస్తుంది, ముక్కు గాలి వైపు తిరుగుతుంది. గాలి వచ్చే వైపుకి యోక్ తిప్పే ఉంచాలి, వేగం తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువగా, టాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా. మేం తోకచక్రం విమానాల్లో ఇది చేయకపోతే గ్రౌండ్ లూప్ (నేల మీదే గిర్రున) తిరిగి రెక్క నేలకేసి రాసుకుంటుంది కాబట్టి మాకు చచ్చినట్టు వస్తుంది. ముందు చక్రం ఉన్నవి క్షమిస్తాయి, అందుకే మీకు చెడ్డ అలవాటు అవుతుంది.

టచ్ అండ్ గో ఎక్కువ చేయడం కూడా ఒక కారణం. తగలగానే ఫ్లాప్స్, పవర్, మళ్లీ పైకి. ఇక ఆగేదాకా నడపడం ఎప్పుడు నేర్చుకుంటారు? నన్నడిగితే సోలో దాకా ప్రతిసారీ ఫుల్ స్టాపే.

పాతకాపు

అలా అయితే గంటకి జరిగే ల్యాండింగ్‌లు సగానికి పడిపోతాయి. ఫ్లేర్ అనేది మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తుంది. రెండూ కలపాలి.

తోకచక్రం

సగం పడిపోనివ్వండి. మిగిలిన సగం పూర్తి ల్యాండింగ్‌లు.

ఎదురుగాలి

పక్కగాలి లెక్క ఒకటి చేరుస్తాను. గాలి రన్‌వేకి 30 డిగ్రీల పక్కనుంచి వస్తే దాంట్లో సగం పక్కగాలి. 45 అయితే దాదాపు ఏడు పదో వంతులు. 60 దాటితే ఇక మొత్తం అనే అనుకోండి. 172ఎస్‌కి మాన్యువల్‌లో 15 నాట్లు, 152కి 12 అని రాసి ఉంటుంది. అది తయారీదారు పరీక్షల్లో చేసి చూపిన అంకె. చేసి చూపినవాడు టెస్ట్ పైలట్. సోలో విద్యార్థికి ఇన్‌స్ట్రక్టర్ రాసిచ్చే హద్దు అందులో సగం కూడా ఉండకపోవచ్చు, ఉండకపోవడమే మంచిది.

సిమ్_రాజా

ఇంకో డౌట్. ఎయిర్‌లైన్ వీడియోల్లో వాళ్లు ఫ్లేర్ పెద్దగా చేయరు, నేరుగా ఆనించేస్తారు కదా. మనం మాత్రం ఎందుకు యోక్ చివరిదాకా లాగుతూ కూర్చోవాలి?

పాతకాపు

ఈసారి మంచి ప్రశ్నే వేశావు. జెట్‌లో తగలగానే స్పాయిలర్లు (రెక్కల మీది పలకలు) లేచి లిఫ్ట్‌ని (రెక్కలు పైకెత్తే బలం) చంపేస్తాయి. ఎన్నో టన్నుల బరువు చక్రాల మీదకి దిగిపోతుంది, అది మళ్లీ ఎగరాలన్నా ఎగరదు. 172కి అవేమీ లేవు. ఎగరగలిగే వేగంతో ఆనిస్తే మళ్లీ ఎగురుతుంది. దాని లిఫ్ట్‌ని చంపే పని నువ్వే చేయాలి, అంటే ఇక ఎగరలేనంత వేగం తగ్గేదాకా దాన్ని నేలకి అడుగు పైన పట్టి ఉంచడం. జెట్ వీడియోలు చూసి 172ని చదునుగా దింపే పిల్లలు నాకు ఈ మధ్య చాలామంది కనబడుతున్నారు.

జెట్ నుంచి తెచ్చుకోవాల్సింది ఇంకోటుంది. మేం మబ్బుల్లో 1000 అడుగులు, ఆకాశం తేటగా ఉంటే 500 అడుగులు దగ్గర ఒక గీత గీసుకుంటాం. అప్పటికి స్పీడ్, దిగే వేగం, రన్‌వేతో వరస అన్నీ కుదరకపోతే ల్యాండింగ్ లేదు, చర్చ లేదు.

కుడిసీటు

మా దగ్గర ఆ గీత 200 అడుగులు. స్పీడ్ అనుకున్నదానికి ఐదు లోపు, రన్‌వే మధ్య గీత ముక్కుకి ఎదురుగా, లక్ష్యం పెట్టుకున్న చోటు ముందు అద్దంలో పైకీ కిందికీ జరగకుండా ఒకే చోట నిలబడి ఉండాలి. 65 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌తో మూడు డిగ్రీల వాలు మీద వస్తే దిగే వేగం నిమిషానికి 325 అడుగుల దగ్గర ఉంటుంది. నిమిషానికి 700తో పడుతున్నారంటే ఏదో తేడా ఉంది.

కొత్తరెక్క

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా మా ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించి అడిగాను, తగిలాక గో-అరౌండ్ చేయిస్తారా అని. ఒక్క నిమిషం ఆలోచించి సరే అన్నారు. ఇవాళ ఉదయం డ్యుయల్‌లో (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) చేశాం. పవర్ ఇవ్వగానే ముక్కు అంత బలంగా లేస్తుందని చదివాను కానీ చేతికి తెలిసింది ఇప్పుడే. రెండు చేతులతో ఆపాలనిపించింది. ఎడమకి కూడా పోయింది, మధ్య గీత వదిలి రన్‌వే అంచు దాకా. తర్వాతవి నయం.

మా బ్యాచ్‌మేట్ కూడా మళ్లీ ఎక్కుతున్నాడు, ముందు కొంతకాలం డ్యుయల్ అట.

ఒక్క సందేహం మిగిలింది. సోలోలో గో-అరౌండ్ చేశాను, మళ్లీ వచ్చాను, మళ్లీ కుదరలేదు. ఎన్నిసార్లు చేయొచ్చు? టవర్ వాళ్లు ఏమైనా అంటారా?

కుడిసీటు

టవర్ ఏమీ అనదు. అన్నా కింద దిగాక విందాం.

రెండుసార్లు కుదరకపోతే మూడోసారి అదే పద్ధతిలో రావొద్దు. డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్లే దారి) ఎత్తు పట్టుకుని, ట్రిమ్ చేసుకుని, యోక్ మీద చెయ్యి వదులు చేసి, గాలి ఎటు ఎంత ఉందో టవర్‌ని మళ్లీ అడగండి. గాలి మారి ఉంటే వేరే రన్‌వే అడగండి. సర్క్యూట్ కాస్త పెద్దది చేసుకుని ఫైనల్ పొడుగ్గా తీసుకోండి, సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ఫ్లాప్స్ 20తోనే రండి. అప్పటికీ కాకపోతే "సోలో స్టూడెంట్‌ని, నా ఇన్‌స్ట్రక్టర్‌ని పిలవండి" అని రేడియోలో చెప్పండి, మేం టవర్‌కి వచ్చి మాట్లాడతాం. ఇంధనం సంగతి బయల్దేరేముందే చూసుకోండి. సర్క్యూట్లకే కదా అని తక్కువతో వెళ్తే ఇవన్నీ చేసే టైమ్ ఉండదు.